పెద్దకూర నూడుల్స్: మామూలు భోజనం ఎవరి హక్కు?

దేశంలో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా 'హక్కా నూడుల్స్' ప్యాకెట్ దొరుకుతుంది. పిల్లల పుట్టినరోజు విందుల్లో, కాలేజీ క్యాంటీన్లలో, రోడ్డు పక్క బండ్ల మీద, చివరికి పెళ్లి భోజనాల్లో కూడా నూడుల్స్ ఉంటాయి. శుద్ధ శాకాహారులమని చెప్పుకునే ఇళ్లలోనూ ఉంటాయి. వాటినెవరూ పరాయి తిండి అనరు. అవే నూడుల్స్‌లో అరకిలో పెద్దకూర వేసి వండితే మాత్రం అది గొడవ కావచ్చు, కేసు కావచ్చు, కనీసం ఇంటి ఓనరుతో పంచాయితీ కావచ్చు. ఎక్కడి నుంచో వచ్చిన నూడుల్స్ స్వదేశీ అయిపోయాయి. ఇక్కడి పొలాలు దున్నిన పశువు మాంసమూ, తరతరాలుగా దాన్ని తింటున్న మనుషులూ మాత్రం ఇంకా సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉన్నారు. ఈ తేడా రుచిలో లేదు, కులంలో ఉంది.

మా ఇంట్లో నెలకు రెండుసార్లయినా ఆదివారం రాత్రి భోజనం పెద్దకూర నూడుల్సే. అమ్మ, అన్న, వదిన, ఎనిమిదేళ్ల మేనకోడలు, నేను, మొత్తం ఐదుగురం. హైదరాబాద్ శివారులో రెండు గదుల అద్దె పోర్షన్. ఈ వంట నేను యూనివర్సిటీ హాస్టల్లో ఒక నాగా స్నేహితురాలి దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఎండబెట్టిన మాంసంతో, పులియబెట్టిన వెదురు చిగుళ్లతో చేసేది. నేను మా బజారులో దొరికేవాటితో చేస్తాను.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఐదుగురికి ఎముక లేని కూర అరకిలో చాలు, తొడ భాగమైతే మంచిది. కడిగి, నీళ్లు కారనిచ్చి, ముప్పావు గంట ఫ్రీజర్లో పెడతాను. కొంచెం గట్టిపడితేనే కత్తి సన్నగా దిగుతుంది. నార ఎటు పోతుందో చూసి దానికి అడ్డంగా కోయాలి. నార వెంబడి కోస్తే ఎంతసేపు నమిలినా తెగదు. మాకు దొరికేది ఎక్కువగా బర్రె మాంసం, ముదురుగా ఉంటుంది. అందుకని చెంచాడు పచ్చి బొప్పాయి గుజ్జు, రెండు చెంచాల సోయా సాస్, అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, చెంచాడు కార్న్‌ఫ్లోర్ పట్టించి అరగంట పక్కన పెడతాను. ఈలోపు నూడుల్స్ ముప్పాతిక వంతు ఉడికించి, చన్నీళ్లతో కడిగి, కాస్త నూనె రాసి ఆరనివ్వాలి. ఇనుప మూకుడు పొగ వచ్చేదాకా కాగాక మాంసాన్ని రెండు విడతలుగా వేయాలి. అంతా ఒకేసారి వేస్తే నీరు ఊరి, వేగాల్సింది ఉడికిపోతుంది. రెండు మూడు నిమిషాలు వేయించి తీసేసి, అదే మూకుట్లో వెల్లుల్లి, పచ్చిమిర్చి, క్యాబేజీ, క్యాప్సికం వేయాలి. ఆ తర్వాత నూడుల్స్, తీసిపెట్టిన మాంసం, ఉల్లికాడలు, నాలుగు చుక్కల వెనిగర్. మటన్ ధరలో సగం కన్నా తక్కువ ఖర్చుతో ఐదుగురికి కడుపు నిండుతుంది.

ఎముకలు దొరికిన వారం వియత్నాం వాళ్ల ఫో లాగా చారు చేస్తాను. ఉల్లిగడ్డను, అల్లాన్ని నేరుగా మంట మీద కాల్చి, అనాసపువ్వు, దాల్చినచెక్కతో పాటు ఎముకల నీళ్లలో వేసి సన్న మంట మీద గంటల తరబడి మరిగించడమే. మొదటిసారి తాగినప్పుడు అమ్మ అన్నది: "గిది మన బొక్కల చారే గదనే. పేరొక్కటే కొత్తది."

నా చదువంతా ఆ మాట చుట్టూ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. పేరు కొత్తదైతే గౌరవం ఎందుకు పెరుగుతుంది? నగరంలోని ఖరీదైన రెస్టారెంట్లలో ఇప్పుడు 'పాన్ ఏషియన్' అనే మెనూ ఒకటి ఉంటుంది. అందులో జపాన్, థాయ్‌లాండ్, వియత్నాం, కొరియా ఉంటాయి. మాదిగవాడ ఉండదు, మనం ఆసియాలో లేనట్టు. అసలు రూపంలో ఎద్దు ఎముకల చారుతో చేసే ఫో ఆ మెనూలో చాలాచోట్ల కోడితోనో, పుట్టగొడుగులతోనో వస్తుంది. పేరు, గిన్నె, చాప్‌స్టిక్‌లు మిగిలాయి, మాంసం మాయమైంది. కొన్ని పెద్ద హోటళ్లలో 'టెండర్లాయిన్' అనే పేరుతో అదే మాంసం గౌరవంగా వడ్డిస్తారు. తెల్ల ప్లేటులో ఉన్నప్పుడు అది అభిరుచి, మా స్టీలు పళ్లెంలో ఉన్నప్పుడు నేరం.

హక్కా అనే పేరు దగ్గరే మొదలుపెడదాం. హక్కాలు దక్షిణ చైనా నుంచి వలస వచ్చిన ఒక సమూహం. కలకత్తా తూర్పు అంచున టాంగ్రాలో వాళ్లు తోళ్లు శుద్ధి చేసే కార్ఖానాలు పెట్టుకున్నారు. సవర్ణ హిందువులు ముట్టని పని అది. అందుకే బయటినుంచి వచ్చినవాళ్లకు అందులో చోటు దొరికింది. ఆ కార్ఖానాల్లో కూలికి పనిచేసిన వాళ్లలో దళితులు ఎందరో ఉన్నారు. 1962 యుద్ధం వచ్చినప్పుడు ఈ దేశం చైనా మూలాలున్న తన పౌరులనే పట్టుకుపోయి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో బంధించింది. 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం కారణంగా టాంగ్రా చర్మశుద్ధి కార్ఖానాలను అక్కడి నుంచి తరలించమంది. మనుషులు చెల్లాచెదురయ్యారు, చాలామంది కెనడాకు వెళ్లిపోయారు. వాళ్ల పేరు మాత్రం నూడుల్స్ ప్యాకెట్ మీద మిగిలింది. ఆ ప్యాకెట్ కొనేవాళ్లలో ఎంతమందికి దాని వెనక తోలు వాసన ఉందని తెలుసు?

నాకు ఆ వాసన వేరే దారిలో తెలుసు. మా తాత లంద పని చేసేవాడు. తంగేడు చెక్క వేసిన నీళ్లలో తోళ్లు నానబెట్టి, తీసి, గీకి, మళ్లీ నానబెట్టి, చెప్పులు, మోట బావులకు తోలు బొక్కెనలు, డప్పులు చేసి ఊరికి ఇచ్చేవాడు. ఊరు నీళ్లు తోడుకున్నది ఆ తోలుతోనే. ఆ నీళ్లతో పండిన ధాన్యం పవిత్రం, తోలు శుద్ధి చేసిన చేయి అపవిత్రం. టాంగ్రాలోని హక్కా కార్మికుడికీ మా తాతకూ భాష కలవదు, దేశం కలవదు. ఇద్దరికీ దొరికిన పని మాత్రం ఒక్కటే, అది ఇంకెవరూ చేయనన్న పని.

ఆసియాలో పశుమాంసం చరిత్ర చదువుతూ పోతే ఈ పోలిక మరింత స్పష్టమవుతుంది. జపాన్‌లో 675లో తెన్ము చక్రవర్తి కొన్ని జంతువుల మాంసాన్ని నిషేధించాడు. ఆ పట్టికలో పశువులూ ఉన్నాయి. బౌద్ధ ప్రభావం, పాలకుల ఆదేశాలు కలిసి శతాబ్దాల పాటు పశుమాంసాన్ని అశుద్ధంగా చూశాయి. పశువును కోసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు అంటరానివాళ్లయ్యారు. ఈనాడు బురాకుమిన్ అంటున్నది వాళ్ల వారసులనే. 1871లో చట్టం వాళ్లను విముక్తులను చేసింది. 1872 మొదట్లో మెయిజీ చక్రవర్తి తానే పశుమాంసం తిన్నట్టు లోకానికి చాటారు. ఆధునికతకు అది గుర్తు అన్నారు. నేడు జపాన్ పశుమాంసం ప్రపంచంలో అత్యంత ఖరీదైన మాంసాల్లో ఒకటి. మరి కోసేవాళ్ల సంగతి? ఇటీవలి దశాబ్దాల్లో కూడా టోక్యోలోని షిబౌరా మాంసం మార్కెట్ కార్మికులకు ద్వేషపు ఉత్తరాలు వచ్చాయి. బురాకుమిన్ మూలాలున్నాయేమోనని పెళ్లి సంబంధాలప్పుడు రహస్యంగా వాకబు చేయించడం అక్కడ చాలాకాలం సాగింది. మాంసం గౌరవం సంపాదించుకుంది, మనిషి ఇంకా వెతుక్కుంటున్నాడు.

కొరియాలో కసాయి పని చేసేవాళ్లు పెక్‌జోంగ్‌లు. వాళ్లు కోసిన మాంసం పెద్దల ఇళ్లకు వెళ్లేది, వాళ్ల పిల్లలకు బడిలో చోటు ఉండేది కాదు. 1922లో జపాన్ బురాకుమిన్లు సుయిహెయిషా స్థాపించారు. 1923లో జింజు పట్టణంలో పెక్‌జోంగ్‌లు హ్యోంగ్‌ప్యోంగ్సా స్థాపించారు. ఆ పేరులోని ప్యోంగ్ అంటే సమానం అనే అర్థం. మాంసం తూచే త్రాసును వాళ్లు సమానత్వానికి గుర్తుగా మలుచుకున్నారు. ఇక్కడ 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగారు. ఐదేళ్ల వ్యవధిలో మూడు దేశాల్లో మూడు పోరాటాలు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ మూడింటినీ ఒకే సిలబస్‌లో పెట్టి చదివించే కోర్సులు ఎన్ని ఉన్నాయి?

తైవాన్ ఉదాహరణ ఇంకో రకం. అక్కడి రైతులు తమతోపాటు పొలంలో కష్టపడిన పశువును తినడానికి ఇష్టపడేవాళ్లు కాదు. 1949 తర్వాత చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన సైనికులు, శరణార్థులు చేసుకున్న ఎర్రటి పశుమాంసం నూడుల్ సూప్ ఇవాళ తైవాన్ జాతీయ వంటకంగా పేరు పొందింది. చైనాలో లాన్‌జౌ నూడుల్స్ హుయ్ ముస్లింల వంట, దేశమంతా తింటుంది. తైవాన్‌లో ఇప్పటికీ పశుమాంసం తినని కుటుంబాలున్నాయి. నేను గమనించినంతలో, తినకపోవడం అక్కడ వాళ్ల ఇంటి ఆచారంగా ఉంది. పక్కింటివాడి కుండలో ఏముందో చూసే అధికారంగా మారలేదు. ఎద్దు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కడైనా ఉంటారు, మా తాతకూ ఉండేది. ఆ ప్రేమను మనిషిని కొట్టడానికి వాడుకోవడం వేరే సంగతి.

ఇక మన దేశం సంగతి. ప్రపంచంలో పశుమాంసం ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో భారత్ ఒకటి. ఇక్కడి నుంచి వెళ్లేది బర్రె మాంసం. 2010ల దశకంలో చాలా ఏళ్లు వియత్నాం దానికి అతిపెద్ద కొనుగోలుదారు. అంటే మన పశువు ఓడెక్కి వెళ్తే విదేశీ మారకద్రవ్యం, అదే పశువు మాదిగవాడకు వస్తే సంస్కృతికి ముప్పు. 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర మొహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి లాగి చంపారు. ఆ తర్వాత దేశం చర్చించింది ఒక మనిషి ప్రాణం గురించి కాదు, ఆయన ఫ్రిజ్‌లో ఉన్నది ఏ మాంసం అని.

చట్టం ఏం చెబుతోందో కూడా చూద్దాం. మన ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవును, ఆవు దూడలను, బర్రె దూడలను కోయరాదంటుంది. పాలకు, పనికి, సంతానోత్పత్తికి పనికిరాని ఎద్దులను, బర్రెలను, దున్నలను అధికారి ధ్రువపత్రంతో కోయవచ్చు. అంటే మా ఆదివారం వంట చట్టం ప్రకారం తప్పు కాదు. అయినా మాంసం నల్ల కవర్లో వస్తుంది. వండేటప్పుడు వీధివైపు కిటికీ మూస్తాం. అంతకుముందున్న ఇంట్లో ఓనరు మమ్మల్ని కులం అడగలేదు, "మీరు ఏమేం తింటారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే కులం చెప్పినట్టే. చట్టం ఇచ్చిన హక్కును అద్దె ఒప్పందంలోని నోటిమాట తీసేసుకుంటుంది. దీని మీద ఏ కోర్టుకు పోవాలి?

ఇక్కడ మనవాళ్ల నుంచే వచ్చే రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది, బాబాసాహెబే మానమన్నారు కదా అని. మహద్ సభ వదిలేయమన్నది చచ్చిన పశువు మాంసాన్ని, ఊరు విసిరేసిన ఎంగిలిని. చచ్చిన పశువును మోయడం, దాన్ని తినడం మనకు వెట్టిలో భాగం. ఆ బంధాన్ని తెంచుకోమన్నారు. 1948లో రాసిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఆయన పశుమాంసం తినడానికీ అంటరానితనం పుట్టుకకూ ఉన్న సంబంధాన్ని విడమర్చారు. ఒకప్పుడు బ్రాహ్మణులూ తిన్నారని వాళ్ల గ్రంథాల నుంచే చూపించారు. బౌద్ధంతో పోటీలో వాళ్లు మానేశారని, మానలేని పేదలైన 'విచ్ఛిన్న జనులు' అంటరానివాళ్లయ్యారని వాదించారు. ఆ వాదన మాంసాన్ని పాపం అనలేదు, పాపం అన్న వ్యవస్థను బోనులో నిలబెట్టింది. ఈ తేడాను మా అమ్మ నాకన్నా తక్కువ మాటల్లో చెబుతుంది: "అప్పుడు వాళ్లు పారేసింది తిన్నం. ఇప్పుడు మనం కొనుక్కొని తింటున్నం."

రెండో అభ్యంతరం, భూమి, చదువు, ఉద్యోగాలు ఉండగా ఈ తిండి గొడవ ఎందుకని. తిండిని వాటి నుంచి విడదీయడం కుదరదని నేను అనుకుంటాను. ఇల్లు అద్దెకు దొరక్కపోతే చదువు సాగదు. హాస్టల్ మెస్‌లో తన తిండికి చోటు లేని విద్యార్థి ఆ క్యాంపస్ తనది అనుకోలేడు. సంతలో పశువు అమ్ముడుపోకపోతే చిన్న రైతుకు నష్టం, ఖురేషీలకు పని పోతుంది, తోలు పరిశ్రమకు ముడిసరుకు పోతుంది. తక్కువ ధరకు దొరికే మాంసం పోతే ముందు రక్తహీనతకు గురయ్యేది మన ఆడవాళ్లు. పెద్దకూర తినని దళితులూ చాలామంది ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. ఇష్టంతో మానేయడం వేరు, పొరుగువాళ్ల భయంతో మానేయడం వేరు. మా బంధువుల్లో రెండో రకం మానేసినవాళ్లే ఎక్కువ.

పోయిన నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర మా మేనకోడలు, "అత్తా, రేపు బాక్సుల గిదే పెట్టు" అంది. పెద్దవాళ్లం నలుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. "చికెన్ అని చెప్తే సరిపోతది" అన్నది వదిన. "పిల్లకు అబద్ధాలు నేర్పుడెందుకు, వద్దంటే వద్దు" అన్నది అమ్మ. అన్న ఏమీ అనలేదు. చివరికి పొద్దున ఆ పిల్ల గుడ్డు వేసిన నూడుల్స్ తీసుకుపోయింది. మా పోరాటాన్ని ఎనిమిదేళ్ల పిల్ల భుజాల మీద పెట్టే హక్కు నాకు లేదు. కానీ ఎందుకు పెట్టలేదని అడిగినప్పుడు "అది మంచిది కాదు" అని మాత్రం చెప్పలేదు. "అది మంచిదే. దాన్ని చూసి మనుషుల్ని తక్కువ చేసేవాళ్లు ఉన్నారు, తప్పు వాళ్లది" అని చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. సిగ్గు మాత్రం వారసత్వంగా అందకూడదు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు. దాడులు జరిగాయి, కేసులు వచ్చాయి. దాచుకున్న తిండిని బహిరంగంగా తెచ్చి నిలబెట్టిన ఘనత ఆ విద్యార్థులది. వాళ్ల తర్వాతి తరం వాళ్లం మనం. ఫెస్టివల్ ఏడాదికి ఒకరోజు. మిగతా రోజుల సంగతేమిటన్నది మన ప్రశ్న కావాలి. నాకు కావాల్సింది బీఫ్ తినే ధైర్యం కాదు, ధైర్యం అవసరం లేని ఒక ఆదివారం రాత్రి.

విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పుణె విశ్వవిద్యాలయంలో షర్మిలా రేగే, ఆమె సహచరులు 2009లోనే దళితుల ఆహార జ్ఞాపకాల మీద పుస్తకం తెచ్చారు. మరాఠ్వాడా మహార్, మాంగ్ కుటుంబాల వంటలను షాహూ పటోళే మరాఠీలో గ్రంథస్థం చేశారు. మన అమ్మమ్మల ఎండు తునకల కూర, బోటి, రక్తం వేపుడు, బొక్కల చారు కొలతలతో సహా తెలుగులో అలా రాసిపెట్టాలి. నడుస్తున్న ఆ జ్ఞానం వాళ్లతోనే పోతోంది. హాస్టల్ మెస్ కమిటీల్లో కూర్చుని మెనూ ఎవరి తిండిని 'అందరి తిండి' అంటోందో అడగాలి. తిండిని అడ్డం పెట్టి అద్దె నిరాకరించడాన్ని కుల వివక్షగా గుర్తించమని డిమాండ్ చేయాలి. మాంసం కోసే ఖురేషీల మీద దాడి జరిగినప్పుడు అది మన వంటింటి మీద దాడి అని మాట్లాడాలి.

జపాన్ అనుభవం మనకొక హెచ్చరిక. రేపు హైదరాబాద్ రెస్టారెంట్లన్నింట్లో పశుమాంసం నూడుల్స్ దొరకవచ్చు, సవర్ణ యువత వాటికి ఫొటోలు తీసుకోవచ్చు. అప్పటికీ కోసే చేతికి, తోలు తీసే చేతికి, వండే చేతికి ఇల్లు దొరక్కపోతే మనం గెలిచినట్టు కాదు. వంటకానికి వచ్చే గౌరవం మనిషికి దానంతట అదే రాదు, దాన్ని విడిగా కొట్లాడి తెచ్చుకోవాలి. త్రాసును జెండా చేసుకున్న పెక్‌జోంగ్‌లకు ఆ సంగతి 1923లోనే తెలుసు.

జై భీమ్.